తెల్లరాతి గోడ మీద నాన్న

భిలాయి పవర్‌హౌస్ స్టేషన్‌లో దిగాం. జనవరి నెల. ఉదయం ఆరుంబావు. మంచుకు ప్లాట్‌ఫాం చివర కనబడడం లేదు. సుబేదార్ సాబ్, ఉస్తాద్, నేను, ముగ్గురం. వెంట రెండు చెక్కపెట్టెలు, నాలుగు తాళ్ల సంచులు, రెండు వైర్‌లెస్ సెట్లు, ఒక కెమెరా. కూలీని పిలవబోయాను. సుబేదార్ సాబ్ ఒక్క చూపు చూశాడు. పెట్టెలు మేమే మోశాం.

భిలాయి నేను పుట్టిన ఊరు. యూనిఫాంలో, డ్యూటీ మీద, సొంత ఊళ్లో దిగడం నాకదే మొదటిసారి. మళ్లీ అలాంటి ఆర్డరు రాలేదు.

మొన్న మన తెలుగువాళ్ల సంఘంలో నాకు శాలువా కప్పి, "బోర్డర్ అనుభవాలు చెప్పండి హవల్దారు గారూ" అన్నారు. చెప్పాను. మంచు, కాపలా, గాలి. చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి శాలువా మడతపెడుతుంటే నా మీద నాకే చిరాకేసింది. ఆ మంచులో నేను చేసింది నా పక్కనున్న ప్రతివాడూ చేశాడు. నన్ను ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వని డ్యూటీ అక్కడ లేదు. ఇక్కడే ఉంది, భిలాయి పక్కన నందిని గనుల దారిలో, తొంభైల మధ్యలో ఒక చలికాలం. అడిగారు కాబట్టి ఇప్పుడు అసలుది చెబుతున్నాను.

ఆర్డరు ఇదీ. నందిని వెళ్లే దారిలో తవ్వకం ఆపేసిన సున్నపురాయి గొయ్యి ఒకటుంది. దాని గోడ మీద కాలేజీ కేడెట్లకు ఆరు వారాలు రాళ్లెక్కడం నేర్పాలి. సుబేదార్ సాబ్ ఇన్‌చార్జి. నేర్పేవాడు ఉస్తాద్. అతను గఢ్వాల్ మనిషి, నాయక్ ర్యాంకు, మాటకు పొదుపు. నేను హవల్దార్‌ని. సామాను బాధ్యత నాది, ఫొటోల బాధ్యత నాది. శిబిరం అయ్యాక పెద్ద ఆఫీసుకు ఫొటోల ఆల్బం పంపాలి.

మా కంపెనీ అప్పుడు మంచులో ఉంది. అక్కడ కుర్రాళ్లు గడ్డకట్టిన రొట్టెలు నిప్పు మీద పెట్టి మెత్తబరుచుకుంటున్నారు. నేను ఆదివారం ఊళ్లోనే, సుపేలాలోని మా ఇంట్లో అమ్మ వండిన చేపల పులుసు తింటున్నాను. మొదటి వారం ఆ ముద్ద గొంతు దిగలేదు. రెండో వారానికి దిగింది. మనిషి అంతే కదా!

గొయ్యి సంగతి చెప్పాలి. పొడుగాటి పెద్ద గుంట. అడుగున ఒక మూల పచ్చటి నీళ్లు. ఉత్తరం గోడ నిటారుగా, తెల్లగా, ఆరంతస్తుల మేడంత. అక్కడక్కడ పెళుసు. మొదటి రెండు రోజులు ఉస్తాద్ తాడుకు వేలాడుతూ సుత్తితో కొట్టి వదులు రాళ్లన్నీ రాల్చేశాడు. ఉదయం చలి కొరికేది. పదకొండయ్యేసరికి ఆ తెల్లరాతి మీద ఎండ పడి కళ్లు తెరవనిచ్చేది కాదు. అడుగున టెంట్లు నాలుగు. ఒకటి సామానుది. దాని తాళం నా మెడలో.

ఆ సామాను! ఇన్నేళ్లయింది, తలుచుకుంటే ఇప్పటికీ వేళ్లు జిలపెడతాయి. అన్నీ కొత్తవి, బయటి దేశం నుంచి వచ్చినవి. కరాబినర్ అని, తాడు తగిలించే అల్యూమినియం కొక్కెం. అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలీదు, లారీని వేలాడదీసినా విరగదు. వేలితో నొక్కితే తెరుచుకుంటుంది, వదిలితే టిక్కుమని మూసుకుంటుంది. ఆ టిక్కు కోసం ఉత్తినే నొక్కుతూ కూర్చునేవాణ్ణి. తాడు సరిగ్గా మధ్యకు వచ్చేసరికి అల్లిక రంగు మారుతుంది, సగం ఎక్కడో వెతుక్కోనక్కర్లేదు. ఇక హార్నెస్. నడుముకో పట్టీ, రెండు తొడలకూ చెరో పట్టీ. మనిషి వేలాడితే బరువు నడుం మీద పడదు, తొడల మీద పడుతుంది, కుర్చీలో కూర్చున్నట్టు ఉంటుంది. పట్టీ నల్లగా, కుట్టు పసుపుగా. ఎందుకో తెలుసా? ఒక్క పోగు తెగినా దూరం నుంచే కనబడాలని. ఎవడో మహానుభావుడు ఎక్కడో బల్ల ముందు కూర్చుని, తానెప్పుడూ చూడని మనిషి ప్రాణం గురించి అంత ఆలోచించాడు. నేను మాత్రం బూట్లకు పాలిష్ తప్ప దేనికీ శ్రద్ధ చూపనివాణ్ణి, ఆ హార్నెస్‌లను రోజూ సాయంత్రం పొడిగుడ్డతో తుడిచి పేర్చేవాణ్ణి. ఉస్తాద్ నవ్వేవాడు.

"శాదీ కర్ లో ఇన్ సే," అనేవాడు. వాటినే పెళ్లి చేసుకోమని.

ఫొటోలు మొదట్లో తగలడిపోయాయి. కింద నిలబడి తీస్తే అన్నీ పిర్రలే. మొదటి రీలు సుపేలా స్టూడియోలో కడిగించి తెస్తే సుబేదార్ సాబ్ ఒక్కొక్కటీ తిప్పి చూసి, "హవల్దార్, పెద్దసాబ్‌కి ఇవి పంపమంటావా?" అన్నాడు. సిగ్గుతో చచ్చాను. రెండో చిక్కు, ఆ తెల్లరాయి లైట్ మీటర్‌ని మోసం చేసేది. దాని మాట వింటే మొహాలు బొగ్గులా వచ్చేవి. అది చెప్పినదానికంటే ఎక్కువ వెలుతురు లోపలికి రానివ్వాలని తెలుసుకోవడానికి ఇంకో రీలు తగలబెట్టాను. ఆ తర్వాత పక్కన వేరే తాడు కట్టుకుని, ఎక్కేవాడికంటే కాస్త పైన వేలాడుతూ తీయడం మొదలుపెట్టాను. అప్పుడు మొహం వచ్చింది. రాతిని వెతుక్కునే వేళ్లు వచ్చాయి. కింద నీళ్లు వచ్చాయి. అబ్బ, అలాంటి ఫొటో పడిందని తెలిసిన క్షణం ఉంటుంది చూడండి, రీలు కడగకముందే ఒళ్లు ఝల్లుమంటుంది.

కానీ చేతులు బిగుసుకుపోయి ఉండేవి. పైకి చేరినవాడు కూడా రాతిని కరుచుకునే ఉండేవాడు. సుబేదార్ సాబ్‌కు అది నచ్చలేదు. "భయం కనబడుతోంది. భరోసా కనబడాలి," అన్నాడు. నేనే ఉపాయం చెప్పాను. పైకి చేరాక, కిందికి దించేముందు, ఒకసారి వెనక్కి ఒరిగి హార్నెస్‌లో కూర్చుని రెండు చేతులూ వదిలేయాలి. అప్పుడు ఫొటో. ఉస్తాద్ ఒప్పుకున్నాడు. సామాను మీద నమ్మకం కుదరడానికి అది మంచిదే అన్నాడు. అయితే ఒక షరతు పెట్టాడు. అలా చేయించేముందు ప్రతి కేడెట్‌నీ ఎదురుగా నిలబెట్టి చెప్పేవాడు: "ఈ నమ్మకం ఈ హార్నెస్‌కి, ఈ తాడుకి. ఇంకో చోట, ఇంకో తాడు మీద ఇలా చేశావో, చస్తావ్." ఆ మాట వాళ్లచేత తిరిగి చెప్పించేవాడు. అప్పుడే ఎక్కనిచ్చేవాడు.

అలా శిబిరానికది ఆచారమైపోయింది. ప్రతివాడూ మొదటిసారి పైకి వెళ్లాక చేతులు వదలాలి. ఒకటి గమనించాను. వదిలేముందు అందరూ ఒక్కసారి తలదించి నడుం దగ్గరి ముడిని చూసుకునేవాళ్లు. ధైర్యవంతుడూ చూసేవాడు, పిరికివాడూ చూసేవాడు. ముడి చూసుకుని, అప్పుడు వదిలేవాళ్లు.

నాలుగో ఆదివారం నాన్న వచ్చాడు.

నాన్న కలాసీ. ఎత్తున ఇనుప దూలాలు నిలబెట్టి బోల్టులు బిగించే పని. శ్రీకాకుళం నుంచి పెళ్లికి ముందే వచ్చాడు. ఒక కాంట్రాక్టరు దగ్గర చిన్నచిన్న కార్ఖానాలకు షెడ్లు లేపేవాడు. నాన్న బెల్టు నాన్నే చేసుకున్నాడు. కన్వేయర్ పాత పట్టీ ముక్క, దానికో నైలాన్ తాడు, చివర కొక్కెం. కలాసీలు ఆ బెల్టు మీద బరువు వెయ్యరు. కట్టుకుంటారు, కొక్కెం తగిలిస్తారు, అయినా ఒక చెయ్యి ఇనుమును వదలదు. కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ నాన్న అదే చెప్పడం చిన్నప్పట్నుంచీ విన్నాను. "బెల్టుని నమ్మకురోయ్. అది మేస్త్రీ కోసం కడతన్నాం. నువ్వు మాత్రం ఇనుముని వొగ్గకు." వొగ్గడమంటే మా వైపు వదలడం.

సైకిలు మీద వచ్చాడు, హ్యాండిలుకు టిఫిను క్యారేజీ. చెమట తుడుచుకుంటూ గోడ వంక చూశాడు.

"ఇదేటిరా, దీనికి ఇంతమంది మిలటరీవోళ్లు కావాలా? మా కుర్రగుంటలయితే బీడీ ముట్టించుకోని ఎక్కీసి దిగీగలరు."

"అయితే ఎక్కు నాన్నా, చూద్దాం."

సుబేదార్ సాబ్‌కు తెలుగు రాదు. అయినా ఏం తెలిసిందో, నవ్వి, "పితాజీకి కిట్ ఇవ్వు," అన్నాడు. ఆదివారం, కేడెట్లు లేరు. సరదాకే అన్నాడు.

సామాను టెంటులోకి తీసుకెళ్లాను. నాన్న కరాబినర్ చేతిలోకి తీసుకుని నొక్కాడు. టిక్కుమంది. మళ్లీ నొక్కాడు. అచ్చం నాలాగే. తర్వాత హార్నెస్ ఎత్తి పట్టుకుని పగలబడి నవ్వాడు.

"ఏటిరా ఇది, సెడ్డీలాగుంది!"

తొడిగాను. బకిల్ రెండోసారి వెనక్కి మడిచి బిగించాను. ఉస్తాద్ వచ్చి ముడి చూసి తలూపాడు. కేడెట్లకు చెప్పే మాట చెప్పబోయినవాడు ఆగి నా వంక చూశాడు. "తుమ్ బోల్ దో, అప్నీ బోలీ మే," అన్నాడు. నీ భాషలో నువ్వే చెప్పు అని. తలూపాను. ఇంత వయసొచ్చి, జన్మంతా ఇనుమెక్కినవాడికి నేను చెప్పేదేమిటి అనుకున్నాను. అసలు నిజం ఇంకోటుంది. పదకొండు కాబోతోంది. ఎండ గోడ మీద పూర్తిగా పడితే ఫొటో పాడవుతుంది. ఆ హడావిడిలో ఆ మాట చెప్పకుండానే కెమెరా మెడలో వేసుకుని నా తాడు దగ్గరకు పరుగెత్తాను.

నాన్న వట్టికాళ్లతో ఎక్కాడు. మా కేడెట్లు అరగంట తంటాలు పడే చోట ఆగను కూడా ఆగలేదు. ఉస్తాద్ కింద, పైనుంచి తిరిగొచ్చే తాడు లాగి బిగిస్తూ, నాన్న వేగం అందుకోలేక రెండుసార్లు తిట్టుకున్నాడు. సుబేదార్ సాబ్ పైన సెట్టు పట్టుకుని నిలబడ్డాడు. నేను పక్క తాడు మీద, నాన్నకు ఎడంవైపు, కాస్త పైన వేలాడుతున్నాను. పైకి చేరాడు. అక్కడ ఆగిపోయాడు.

సెట్టు గరగరలాడింది. కింద నుంచి ఉస్తాద్ గొంతు, చేతులు వదిలాడా అని. "నీచే సే ఊపర్. హాథ్ ఛోడా? ఓవర్."

"ఊపర్ సే నీచే. నహీ ఛోడ్ రహే. ఓవర్," అన్నాడు సుబేదార్ సాబ్. వదలడం లేదని.

నాన్న రెండు చేతులూ రాతిని పట్టుకునే ఉన్నాయి. నేను అన్నాను:

"వెనక్కి ఒరుగు నాన్నా. కుర్చీలో కూకున్నట్టు కూకో."

"ఇలాగే దింపీమను. దిగిపోతాను."

"చేతులు వదలాలి. ఫొటో తియ్యాలి."

"సాల్లేరా, ఇలా తీసీ."

"ఇలా బాగోదు నాన్నా. వొగ్గీ."

"ఒరే, నానెప్పుడూ వొగ్గలేదురా," అన్నాడు నాన్న. నవ్వుతూ అనలేదు. ఆ గొంతు నాకు కొత్త. ఎత్తంటే భయపడని మనిషి. అక్కడ అతనికి భయమేసింది. నాకు తెలిసింది. తెలిసి కూడా కెమెరా దించలేదు.

"నేనున్నాను కదా నాన్నా. వొగ్గీ."

ఒరిగాడు. హార్నెస్ అతని బరువు తీసుకుంది. వదిలాడు. ముందు కుడిచెయ్యి, తర్వాత ఎడమచెయ్యి. రెండు చేతులూ గాలిలో చాపి, ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలాడు. మొహమంతా నవ్వు. అరవయ్యేళ్లకు దగ్గర పడిన మొహంలో పసివాడి నవ్వు. నొక్కాను. పడిందని నాకు తెలుసు.

"ఓరి నాయనో! ఎంత హాయిగుందిరా!" అని అరిచాడు. గొయ్యంతా మోగింది. ఉస్తాద్ దించబోతే, ఇంకాసేపు ఉండనిమ్మన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో వేరే మాట లేదు. అమ్మను కుర్చీలో ఒరగమని చూపించాడు.

"ఓలమ్మ, నాకెందుకీ సర్కసు! బేగి తినీసి తొంగో," అంది అమ్మ.

అన్నం తింటూ నాన్న నన్నడిగాడు, కంచం వంకే చూస్తూ. "అలాటిదొకటి మిగలదేటిరా, మీ దగ్గర?"

"అన్నీ వెనక్కి అప్పగించాలి నాన్నా."

"అవునవును. గవర్మెంటుది కదా," అన్నాడు వెంటనే. నేను నొచ్చుకుంటానని మాట మార్చి, చారు వేయమన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. నీ బెల్టు మీద మాత్రం ఇలా ఒరగకు నాన్నా అని. గుక్కెడు నీళ్లు తాగినంతసేపు పట్టదు. నా బుర్రలో ఆ ఫొటో తప్ప ఏమీ లేదు. కడిగితే ఎలా వస్తుందో, చేతుల మీద వెలుతురు ఎలా పడిందో, అదే ఆలోచన.

అద్భుతంగా వచ్చింది. ఆల్బంలో మొదటి పేజీలో పెట్టమన్నాడు సుబేదార్ సాబ్. సుపేలా స్టూడియోలో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి నాన్నకిచ్చాను. ఫిబ్రవరి చివర సామాను సర్దాం. హార్నెస్‌లన్నీ తుడిచి, పెట్టెకు సీలు వేశాను. అదే ప్లాట్‌ఫాం మీద రైలెక్కాం. ఉస్తాద్ నాన్న గురించి, "బడా ఆద్మీ," అన్నాడు. గొప్ప మనిషి అని. ఛాతీ ఉబ్బించుకుని కిటికీ పక్కన కూర్చున్నాను.

వానలు మొదలయ్యాక అమ్మ ఫోను చేసింది, యూనిట్ ఎక్స్చేంజీకి, సుపేలాలో ఎవరి ఎస్టీడీ బూత్ నుంచో. లైన్లో ఏడుపు తప్ప ఏమీ వినబడలేదు. "పడిపోనాడ్రా," అన్న ఒక్క ముక్క అర్థమైంది. సెలవు దొరికి ఇంటికి చేరేసరికి నాన్న ఆసుపత్రి నుంచి వచ్చేశాడు. తుంటి విరిగింది. కుడి మణికట్టు నలిగింది. కింద ఇసుక కుప్ప ఉండబట్టి బతికాడు.

మంచం పక్కన కూర్చున్నాను. ఎలా జరిగిందని అడిగాను. అడక్కపోయినా బాగుండేది.

"దూలం మీద బోల్టులు బిగిత్తన్నాను," అన్నాడు. "ఒక సేత్తో పట్టుకోని, ఒక సేత్తో పానా తిప్పితే ఎంతసేపవుద్ది సెప్పు? నువ్వు నేర్పినావు కదా, అలాగ ఎనక్కి ఒరిగినాను. రెండు సేతులూ వొగ్గీసి పని సేసినాను. నాలుగు బోల్టులు బిగించీసినాను తెలుసా, గుంటలంతా నోరెల్లబెట్టి సూసినారు. అయిదోదానికి తాడు తెగిపోనాది."

"నాన్నా, అది వేరే, ఇది వేరే..."

"తెలుసురా. తెలీదేటి నాకు! అయినా ఒకసారి ఆ హాయి తెలిసిపోతే ఒళ్లు ఊరుకోదు." నా మొహం చూసి ఎడంచేత్తో నా మోకాలు తట్టాడు. "నువ్వేటి సేసినావురా? నా బుద్ధి గడ్డి తింది."

నేనేం చేశానో నాకు తెలుసు. ముప్పైయేళ్లు ఆ మనిషిని బతికించిన భయం ఒకటుంది. దాన్ని ఒక ఫొటో కోసం, ఒక ఉదయం, నేను ఊడబెరికాను. దాని బదులు ఇవ్వాల్సిన హార్నెస్‌ని తుడిచి పెట్టెలో పెట్టి సీలు వేశాను. ఇవ్వడం నా చేతిలో లేదు, ఒప్పుకుంటాను. ఉస్తాద్ చెప్పమన్న మాట మాత్రం నా చేతిలోనే ఉంది.

నాన్న మళ్లీ ఇనుమెక్కలేదు. కర్ర పట్టుకుని సుపేలా బజారు దాకా వెళ్లేవాడు, టీ తాగి వచ్చేవాడు. పదకొండేళ్లు అలా బతికాడు. ఇంటికి ఎవరొచ్చినా గోడ మీది ఫొటో చూపించేవాడు. "తీసింది మావోడే," అనేవాడు, వంకర తిరిగిన మణికట్టుతో వేలు చూపిస్తూ. వచ్చినవాళ్లు ఆహా అనేవాళ్లు. నేను నీళ్లు తెస్తానని లోపలికి వెళ్లేవాణ్ణి. వంటింట్లో అమ్మ గ్లాసు చేతికిచ్చేది.

ఫొటో ఇప్పుడు నా ఇంట్లో ఉంది. గోడ మీంచి తీసెయ్యడానికి మనసు రాదు, చూడడానికి ధైర్యం చాలదు. అందరూ చేతులే చూస్తారు. తెల్లరాతి ముందు విచ్చుకున్న రెండు నల్లటి అరచేతులు. నేను కళ్లు చూస్తాను. ఆ ఆరు వారాల్లో ఆ గోడ మీద నేను తీసిన ప్రతివాడూ చేతులు వదిలేముందు తలదించి ముడి చూసుకున్నాడు. నాన్న ముడి వంక చూడలేదు, తాడు వంక చూడలేదు. నా వంక చూసి వదిలాడు.